ఉక్కు ఉద్యమ సంఘీభావ నిధి: జమా ఖర్చుల వివరణ (ఫిబ్రవరి నుంచి ఆగస్టు 2021 వరకు)

కాలనీవాసులకు, మహిళా సంఘాల అక్కచెల్లెళ్లకు, ఆటో స్టాండు సోదరులకు నమస్కారం.

విశాఖ ఉక్కు ఫ్యాక్టరీని అమ్మొద్దని సాగిన ఉద్యమం కోసం మనం పోగుచేసిన చందాల లెక్క ఇది. లెక్క చెప్పడం ఆలస్యమైన మాట నిజమే. మే 5 నుంచి మధ్యాహ్నం 12 దాటితే కర్ఫ్యూ. ఆ నెలలోనే కమిటీ సభ్యుల్లో ముగ్గురి ఇళ్లలో కరోనా. అందరం ఒకచోట కూర్చుని బిల్లులు సరిచూసుకోవడం జూలైలో గానీ కుదరలేదు. ఈలోగా టీ కొట్టు దగ్గర డబ్బుల గురించి చర్చించినవారు ఒక్కసారి మమ్మల్నే అడిగి ఉంటే రసీదు పుస్తకాలు అప్పుడే చూపించేవాళ్లం.

జమ:
ఇంటింటి చందా (214 ఇళ్లు): రూ.64,300
మహిళా సంఘాలు: రూ.11,500
అపార్ట్‌మెంట్ల సంక్షేమ సంఘం: రూ.10,000
షాపులవారు: రూ.9,000
ఆటో స్టాండు: రూ.6,200
సభల్లో హుండీ: రూ.3,740
మొత్తం: రూ.1,04,740

ఆటోవాళ్లకు ప్రత్యేకంగా దండాలు. కిరాయిలు లేని రోజుల్లో కూడా అడగకుండానే ఇచ్చారు. ఏ పార్టీ దగ్గరా పైసా తీసుకోలేదు. ఒక నాయకుడు ఫ్లెక్సీల ఖర్చంతా తానే పెట్టుకుంటానన్నారు. దాని మీద తన ఫొటో ఉండాలన్నారు. వద్దన్నాం.

ఖర్చు:
దీక్షా శిబిరం రోజులకు టెంటు, కుర్చీలు, మైకు: రూ.21,600
శిబిరంలో భోజనం, మజ్జిగ: రూ.14,850
వ్యాన్లు, ఆటోల డీజిల్: రూ.12,300
బ్యానర్లు, జెండాలు: రూ.6,750
మాస్కులు, శానిటైజర్: రూ.2,900
కరపత్రాలు, రెండు విడతలు: రూ.8,800
నిర్వాసితుల కాలనీలో సభ: రూ.23,900
టెంట్ హౌస్ దగ్గర ఉండిపోయిన అడ్వాన్సు: రూ.5,000
మొత్తం: రూ.96,100. చేతిలో నిల్వ: రూ.8,640.

మొదటి ఐదు పద్దుల మీద ఎవరికీ పేచీ లేదు. వాటి బిల్లులు ఫైల్లో ఉన్నాయి. గొడవంతా చివరి మూడింటి మీదే. ముఖ్యంగా ఆ రూ.23,900 మీద.

"ఉక్కు కోసం ఇచ్చాం గానీ వేరే ఊళ్లో భోజనాలు పెట్టడానికి ఇవ్వలేదు" అని కొందరు పెద్దలు అన్నారు. అక్కడికి ఎందుకు వెళ్లామో చెప్తాం. జనవరి 27న కేంద్ర కేబినెట్ కమిటీ విశాఖ ఉక్కులో నూరు శాతం పెట్టుబడుల ఉపసంహరణకు ఒప్పుకుంది. ఫిబ్రవరి 12న కూర్మన్నపాలెంలో రిలే నిరాహార దీక్షలు మొదలయ్యాయి. శిబిరానికి రమ్మని పిలవడానికి మేం నిర్వాసితుల కాలనీకి వెళ్తే ఒక పెద్దావిడ మమ్మల్ని అరుగు మీద కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, "మా భూములు పోయి ఇన్నేళ్లయింది, ఒక్కరోజైనా ఇటు వచ్చారా బాబూ?" అని అడిగింది. ఏం చెప్తాం? ఫ్యాక్టరీ కోసం 64 ఊళ్ల వాళ్లు కదిలారు. ఆర్ కార్డు (భూములు పోయినవాళ్లకు ఇచ్చిన పునరావాస కార్డు) చేతిలో పెట్టుకుని ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ ముసలైపోయినవాళ్లు ఆ వీధుల్లో ఉన్నారు. వాళ్ల కొడుకులు అదే ప్లాంటులో కాంట్రాక్టు కూలీలు. "ప్లాంటు మనది" అని మనం నినాదం ఇస్తే, "మనది అంటే ఎవరిది" అని వాళ్లు అడగడంలో తప్పేముంది? 1966లో 32 మంది ప్రాణాలిచ్చి సాధించుకున్న ఫ్యాక్టరీ అని మైకులో చెప్తాం. భూములిచ్చినవాళ్ల మాట రెండో వాక్యంలోనైనా రావాలి కదా.

అందుకే వాళ్లను మన టెంటుకు పిలిచే ముందు మనమే వాళ్ల దగ్గరికి వెళ్లి సభ పెట్టాం. జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) ఎన్నికల కోడ్ వల్ల అది మార్చి నెలాఖరుకు జరిగింది. టెంటు, మైకు రూ.8,500. వాహనాలు రూ.2,700. గుడ్డ బ్యానర్లు రూ.1,500. భోజనాలు 160 మందికి, మనిషికి రూ.70 చొప్పున రూ.11,200. కోడికూర పెట్టారని పుకారు పుట్టించినవారికి మనవి: పులిహోర, సాంబారు, పెరుగన్నం. వంటమేస్త్రీ రాసిచ్చిన చీటీ ఫైల్లో ఉంది. కూలిపని మానుకుని వచ్చినవాళ్లను పొద్దున పదింటి నుంచి మూడింటి దాకా కూర్చోబెట్టి, ఆకలితో పంపడం మాకు చేతకాలేదు. అక్కడి గుడి కమిటీవారు గిన్నెలు, చర్చి పెద్దలు బెంచీలు ఉచితంగా ఇచ్చారు. లేకపోతే ఖర్చు ఇంకా పెరిగేది.

ఆ సభలో ఒక ఒప్పందం కుదిరింది. వాళ్లు శిబిరానికి వస్తారు. మన కరపత్రంలో ఆర్ కార్డుల డిమాండు ఉండాలి. అప్పటికే వేసిన కరపత్రంలో (రూ.4,200) ఆ మాట లేదు. రెండోది వేయించాం (రూ.4,600). ఏప్రిల్ 22న మన ప్లాంటు నుంచి మహారాష్ట్రకు ఆక్సిజన్ రైలు వెళ్లిన సంగతి కూడా అందులోనే చేర్చాం. దీన్ని దుబారా అంటే మేం ఒప్పుకోం. ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ తర్వాత మన కాలనీ వంతు వచ్చిన రోజున శిబిరంలో మన కాలనీ వాళ్ల కన్నా అక్కడి ఆడవాళ్లే ఎక్కువమంది కూర్చున్నారు. లెక్కలు అడుగుతున్నవారిలో కొందరు ఆ రోజు కనపడలేదు.

ఇక రూ.5,000 అడ్వాన్సు. గంగవరం వైపు మత్స్యకారులతో మే మొదట్లో అలాంటి సభే అనుకున్నాం. కర్ఫ్యూతో ఆగింది. టెంట్ హౌస్ ఆయనకు ఆ సీజన్‌లో పెళ్లిళ్లన్నీ పోయాయి, తిరిగి ఇవ్వలేనన్నాడు. తర్వాతి సభకు సర్దుబాటు చేస్తానని కాగితం రాసిచ్చాడు. గట్టిగా నిలదీయమని ఇద్దరు సభ్యులు పట్టుబట్టారు గానీ, మిగతావాళ్లం వద్దన్నాం.

రావలసినవి: వేదిక మీద, మైకులో, చప్పట్ల మధ్య ప్రకటించిన చందాల్లో రూ.17,500 ఇంకా అందలేదు. అందులో రూ.10,000 ఒక్కరిదే. ఫోన్ ఎత్తడం లేదు. పేర్లు రాయడం లేదు, వారికే తెలుసు.

నిల్వ రూ.8,640, టెంటు కాగితం కలిపి మత్స్యకారుల సభకే వాడాలని కమిటీ తీర్మానం. అభ్యంతరం ఉన్నవారు వచ్చే ఆదివారం సాయంత్రం 5 గంటలకు కమ్యూనిటీ హాలుకు రావాలి. బిల్లులు, రసీదు పుస్తకాలు బల్ల మీద ఉంటాయి. ఇవ్వాల్సినవారు చందా కూడా అక్కడే కట్టవచ్చు, రసీదు వెంటనే ఇస్తాం.

ఇట్లు,
కాలనీ సంఘీభావ కమిటీ, గాజువాక