‘అపెండిక్స్ కనిపించలేదు’ అంటే జబ్బు లేదని కాదు

సంపాదకులకు నమస్కారం.

మన ఊళ్లలో అపెండిసైటిస్‌ను, అంటే అపెండిక్స్ (ఉండుకం) వాపును, ఇప్పటికీ ‘ఇరవైనాలుగు గంటల నొప్పి’ అనే అంటారు. ఆ నొప్పితో వచ్చినవారికి ముందుగా రాసేది అల్ట్రాసౌండ్ స్కాన్. రిపోర్టులో తరచూ ‘అపెండిక్స్ కనిపించలేదు’ అన్న ఒక్క ముక్క ఉంటుంది. ఇంటివాళ్లు దాన్ని ‘స్కాన్ నార్మల్’ అని అర్థం చేసుకుంటారు. కొత్తగా డ్యూటీలో చేరిన డాక్టర్లు కూడా అలాగే అనుకుంటే ప్రమాదం. ఆ పొరపాటు ఎందుకు జరుగుతుందో తెలియాలంటే అనాటమీలోకి వెళ్లాలి.

ఉండుకం మొదలు ఎక్కడుంటుందో వెతకనక్కర్లేదు. పెద్దపేగు పొడవునా సాగే మూడు కండరపు పట్టీలు అంధనాళం (పెద్దపేగు మొదట్లో ఉండే సంచి) మీద ఎక్కడ కలుస్తాయో అక్కడే ఉంటుంది. చివర మాత్రం ఎటు తిరిగి ఉంటుందో చెప్పలేం. పొడవు కూడా 2 నుంచి 20 సెంటీమీటర్ల దాకా ఉండవచ్చు, సగటున 9. పదివేల మందిని పరిశీలించి బ్రిటిష్ సర్జన్ వేక్లీ 1933లో ఇచ్చిన లెక్క ప్రకారం సుమారు 65 శాతం మందిలో అది అంధనాళం వెనక దాగి ఉంటుంది, 31 శాతం మందిలో కటిలోకి దిగి ఉంటుంది. తర్వాతి పరిశీలనల్లో ఈ శాతాలు మారాయి, కొన్నింటిలో కటిలోకి దిగినవే ఎక్కువ. అయినా పరీక్షల్లో వైద్య విద్యార్థులందరూ రాసేది మెక్‌బర్నీ బిందువే: కుడి తుంటి ఎముక ముందుకొన నుంచి బొడ్డుకు గీత గీస్తే, ఎముక వైపు నుంచి మూడో వంతు దగ్గర. అది ఉండుకం మొదలుకు గుర్తు. చివర వాచినప్పుడు నొప్పి అక్కడే ఉండాలని లేదు.

అంధనాళం వెనక ఉన్నది వాస్తే, ముందున్న గాలి నిండిన పేగు మెత్తలా అడ్డుపడుతుంది, కడుపు నొక్కినా పెద్దగా నొప్పి తెలియదు. రోగిని ఎడమవైపు పడుకోబెట్టి కుడి తొడను వెనక్కి లాగితేనే, నడుము నుంచి తొడకు దిగే సోయాస్ కండరం దగ్గర నొప్పి బయటపడుతుంది. కటిలో ఉన్నది మూత్రాశయాన్ని, పురీషనాళాన్ని రాపిడి చేస్తుంది. మాటిమాటికీ మూత్రం, కొద్దికొద్దిగా విరేచనాలు అవుతాయి. మూత్రపరీక్షలో కొన్ని చీముకణాలు కూడా కనిపిస్తాయి. దాంతో ‘యూరిన్ ఇన్‌ఫెక్షన్’ అని మందులు రాసి పంపేస్తారు. నొప్పి మొదట బొడ్డు చుట్టూ వచ్చి, కొన్ని గంటలకు కుడివైపు కిందికి మారిందా అన్న ప్రశ్న ఇలాంటిచోట చాలా పనికొస్తుంది. పేగు నొప్పి బొడ్డు ప్రాంతానికి చెందిన పదో వక్ష నాడి ద్వారా తెలుస్తుంది కాబట్టి మొదట బొడ్డు దగ్గర, ఉదరపు లోపలి పొరకు వాపు తాకాక అసలు చోట నొప్పి పుడుతుంది.

ఇక స్కాన్. ధ్వని తరంగాలు గాలిని దాటలేవు. అందుకే డచ్ రేడియాలజిస్టు పైలార్ట్ 1986లో ప్రచురించిన పద్ధతిలో ప్రోబ్‌తో (కడుపు మీద ఆనించే స్కాన్ పరికరంతో) మెల్లగా, క్రమంగా నొక్కుతూ గాలిని పక్కకు తోస్తారు. తిన్నని ముఖం ఉన్న లీనియర్ ప్రోబ్‌తో కుడివైపు పెద్దపేగును పైనుంచి కిందికి చూసుకుంటూ అంధనాళానికి రావాలి. లోపలివైపు చిన్నపేగు చివరిభాగం కలిసేచోటును గుర్తించాలి. అక్కడి నుంచి సుమారు 2 సెంటీమీటర్లు కిందికి వెతకాలి. వెనక సోయాస్ కండరం, కటిలోని పెద్ద రక్తనాళాలైన ఇలియాక్ ధమని, సిర కనిపించేంతగా నొక్కితేనే లోతు అందినట్టు. కదలికలు లేని, ఒకవైపు మూసుకుపోయిన గొట్టం, నొక్కినా అణగకుండా 6 మిల్లీమీటర్లు దాటి ఉంటే అనుమానం బలపడుతుంది. చుట్టూ కొవ్వు తెల్లగా మెరుస్తుంటే మరీను.

పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి. కడుపంతా చూసే వంపు ప్రోబ్‌తోనే ముగించేయడం ఒకటి. రోగి మూలుగుతున్నాడని నొక్కకుండా వదిలేయడం ఇంకొకటి. చిన్నపేగు చివరిభాగాన్నే ఉండుకం అనుకోవడం కూడా ఉంది. ఓపిగ్గా చూస్తే దానికి కదలిక ఉంటుంది, చివర మూసుకుని ఉండదు. మొదలు బాగుందని అక్కడే ఆగిపోతే కొనలో ఉన్న వాపు తప్పిపోతుంది. అన్నిటికన్నా మోసపూరితమైనది పగిలిన ఉండుకం: ఒత్తిడి తగ్గి నొప్పి కాసేపు ఉపశమిస్తుంది, గొట్టం చప్పబడి స్కాన్‌లో దొరకదు.

అందుకే రిపోర్టులో ‘కనిపించలేదు’ అన్నదానితో పాటు ఎందుకు కనిపించలేదో రాయాలని మా విన్నపం. గాలి అడ్డమా, కొవ్వా, నొక్కనివ్వలేదా? అంధనాళం, సోయాస్ కనిపించాయా? నీరు, కొవ్వు వాపు ఉన్నాయా? ఇవి రాస్తే సర్జన్‌కు దారి దొరుకుతుంది. లక్షణాలు, రక్తపరీక్ష చూసి అపెండిసైటిస్ అవకాశాన్ని అంచనా వేసే పది మార్కుల అల్వరాడో స్కోరు 7 లేదా అంతకన్నా ఎక్కువ ఉన్న రోగిని అస్పష్టమైన స్కాన్ చూసి ఇంటికి పంపకూడదు. 5, 6 దగ్గర ఉన్నవారిని ఉంచుకుని కొన్ని గంటల తర్వాత మళ్లీ చెయ్యిపెట్టి చూడాలి, అవసరమైతే మళ్లీ స్కాన్ చేయాలి. అప్పటికీ తేలకపోతే సీటీ స్కాన్. దాని రేడియేషన్ సుమారు 8 నుంచి 10 మిల్లీసీవర్ట్‌లు కాబట్టి పిల్లల్లో ఆచితూచి వాడాలి. గర్భిణులకు గాడోలినియం (చిత్రం స్పష్టతకు ఎక్కించే మందు) లేని ఎంఆర్‌ఐ మేలు.

ఈ అనాటమీని వైద్యవిద్య మొదటి ఏడాదిలో, మృతదేహాలను కోసి చూపే డిసెక్షన్ హాల్లోనే నేర్పవచ్చు. అంధనాళం మీది ముందు పట్టీ వెంట వేలు జరుపుతూ ఉండుకం మొదలుకు చేరుకోమని, పొడవు కొలిచి, కొన ఎటు తిరిగిందో రాయమని ప్రతి బ్యాచ్‌కూ చెప్పాలి. ఒక కాలేజీలో ఏటా పది మృతదేహాల లెక్క రాసి ఉంచినా, కొన్నేళ్లలో విద్యార్థుల చేతికే ఒక పట్టిక వస్తుంది. అదే వారం అదే ప్రాంతపు సీటీ పొరలు చూపాలి. పాదాల వైపు నుంచి చూసినట్టుగా చిత్రం ఉంటుందని, రోగి కుడి మన ఎడమకు వస్తుందని ముందే చెప్పాలి. ఇది తెలియక హౌస్‌సర్జన్‌షిప్‌లోనూ తడబడేవారున్నారు. అల్ట్రాసౌండ్ యంత్రం రోజూ అక్కర్లేదు. నెలకు ఒక పూట రేడియాలజీ విభాగం నుంచి తెస్తే, తోటి విద్యార్థి కడుపు మీద సోయాస్‌ను, ఇలియాక్ ధమనిని పట్టుకోవడం ప్రతివారూ సాధన చేయగలరు. ప్రాక్టికల్ పరీక్షలో గుర్తుపట్టి రాయమని పెట్టే ఎముకల స్పాటర్ల పక్కన ఒక సీటీ పొర, ఒక అల్ట్రాసౌండ్ చిత్రం పెట్టి వాటికీ మార్కులు వేయమని విశ్వవిద్యాలయాలను కోరుతున్నాం.

ఇట్లు,
కొందరు అనాటమీ, సర్జరీ, రేడియాలజీ అధ్యాపకులు