మిరపకాయకు ఉన్న మర్యాద మా నాయనమ్మ పాటకు లేదా?

గౌరవనీయులైన మంత్రిగారికి,

నమస్కారం.

మా నాయనమ్మ పాడిన పాటల రికార్డింగు కాపీ కోసం ఇది నా ఐదో అర్జీ. మొదటి నాలుగింటికీ నా దగ్గర రసీదులు ఉన్నాయి, జవాబులు లేవు. కవర్లో పెట్టి ఇస్తే ఎవరూ విప్పడం లేదు కాబట్టి ఈసారి కవరు లేకుండా, నలుగురూ చూసేట్టు రాస్తున్నాను. తప్పయితే మన్నించండి.

ఊళ్ళు తిరిగి పాటలు రికార్డు చేసే పని గురించి మీకు నేను చెప్పేదేమీ లేదు. మీకన్నీ తెలుసు. మా ఇంటి ముందు జరిగింది మాత్రం తెలియకపోవచ్చు.

2023 ఎండాకాలంలో నర్సంపేట దగ్గర మా ఊరికి ఒక కారు వచ్చింది. ముగ్గురు దిగారు. ఒక కెమెరా, రెండు మైకులు, ఒక రిజిస్టరు. వేపచెట్టు కింద మంచం వేసి నాయనమ్మను కూర్చోబెట్టారు. పదకొండింటికి మొదలుపెడితే మూడు దాటింది. నాటు పాటలు, ఇసుర్రాయి పాటలు, బతుకమ్మ పాటలు, ఏది అడిగితే అది పాడింది. గొంతు ఎండిపోతే మజ్జిగ మేమే పోశాం, వచ్చినవాళ్ళకు కూడా. చివర్లో వేలిముద్ర తీసుకున్నారు. "అమ్మా, నీ పాట ఇంకెక్కడికీ పోదు" అన్నారు ఒక సారు. ఆయన మాట తప్పలేదు. పాట ఎక్కడికీ పోలేదు, ఏ హార్డ్‌డిస్క్‌లోనో భద్రంగా ఉంది. ఆ హార్డ్‌డిస్క్ ఎక్కడుందన్నదే ఎవరికీ తెలియదు.

ఏ ఆఫీసు వాళ్ళు వచ్చారో రాయను. రాస్తే ఈ ఉత్తరాన్ని "తగు చర్య నిమిత్తం" మళ్ళీ వాళ్ళకే పంపిస్తారు. మూడో అర్జీకి అదే జరిగింది.

తర్వాతి ఏడు, 2024 పెళ్ళిళ్ళ సీజన్‌లో మా పెద్దనాన్న మనవడి బరాత్. డీజే బండి ముందు పిల్లలు ఎగురుతున్నారు. ఒక పాట మొదలైంది. ఎక్కడో విన్నట్టుందే అనుకుంటూ నేను కూడా రెండు అడుగులు వేశాను, అబద్ధం ఎందుకు చెప్పాలి. రెండో చరణంలో ఒక పేరు వచ్చింది. అక్కడ నా కాలు ఆగిపోయింది.

అది మా నాయనమ్మ చెల్లెలి పేరు.

ఆమె పదహారేళ్ళ వయసులో నాటు వేస్తుండగా పాము కరిచి పోయింది. ఆ ఏడు పెత్రమాసకు, అంటే బతుకమ్మ మొదలయ్యే అమావాస్యకు, నాయనమ్మ పాత బతుకమ్మ పాటలో ఒక చరణం సొంతంగా కలిపింది. అందులో చెల్లె పేరు, మా ఊరి చెరువు పేరు, చెల్లె కొప్పులో పెట్టుకునే పువ్వు ఉంటాయి. అప్పటినుంచి మా వాడకట్టు ఆడవాళ్ళు ఆ పాటను ఆ చరణంతోనే పాడతారు. పక్క ఊరికి పోతే ఆ చరణం ఉండదు. డీజే పాటలో "ఉయ్యాలో" తీసేసి దరువు పెట్టారు. చెరువు పేరు కూడా తీసేశారు, బయటి ఊళ్ళవాళ్ళకు తెలియదని కాబోలు. పువ్వు పోయి నడుము వచ్చింది. పేరు ఒక్కటి ఉంచారు, పలకడానికి ఊపుగా ఉందని. దాన్ని పిల్లలు ఈలలు వేస్తూ అరుస్తున్నారు.

పందిరి కింద కూర్చున్న నాయనమ్మ నన్ను పిలిచి అడిగింది, "దాని పేరు ఎందుకు పిలుస్తున్నరే వీళ్ళంత?"

ఏం చెప్పాలి సార్? మీరైతే ఏం చెప్పేవారు?

నాకు డీజే పాటల మీద కోపం లేదు. జానపదం చెడిపోయిందని నెట్‌లో వారానికొకసారి ఏడ్చే పెద్దమనుషుల గుంపులో నేను లేను. నాట్లలో మా ఊరి ఆడవాళ్ళు పాడుకునే పాటలు వింటే ఆ పెద్దమనుషులు చెవులు మూసుకుంటారు. మగవాళ్ళు గట్టు మీదికి వస్తే చప్పున ఆపేసే పాటలు మా నాయనమ్మకు ఇరవై దాకా వచ్చు. సరసం మాకు కొత్త కాదు, దరువూ కొత్త కాదు. కరీంనగర్, వరంగల్ పిల్లలు అద్దె కెమెరాతో, పత్తి చేను పక్కన పాట తీసి కోట్లమందికి చూపిస్తుంటే నాకు గర్వంగానే ఉంటుంది. ఒకప్పుడు సినిమాల్లో మన యాస పనివాళ్ళకు, రౌడీలకు మాత్రమే ఉండేది. ఇప్పుడు హీరోలు నేర్చుకుంటున్నారు. అందులో ఈ పిల్లల కష్టం ఉంది.

నా గొడవ ఆ పాట కింద రాసే పేర్ల గురించి. ఏ పాటైనా తెరిచి చూడండి. సంగీతం పేరు ఉంటుంది, డ్యాన్స్ మాస్టర్ పేరు ఉంటుంది, డ్రోన్ ఎగరేసిన తమ్ముడి పేరు ఉంటుంది, మేకప్ పేరు ఉంటుంది. సాహిత్యం అన్నచోట "సేకరణ" అని రాసి, సేకరించినాయన పేరు వేస్తారు. ఎవరి దగ్గర సేకరించాడో వేయరు. చెట్టు మీద కాయ కోసినట్టు కోసుకొచ్చాడన్నమాట. ఆ చెట్టుకు ఎనభై మూడేళ్ళు, మోకాళ్ళ నొప్పులు, ఒక కంటికి శుక్లం.

2021లో ఒక జానపద పాట పెద్ద సినిమాలోకి వచ్చి ఊపేసినప్పుడు ఇదే గొడవ అయ్యింది, మీకు గుర్తుండే ఉంటుంది. పల్లవి జనానిదా, కవిదా, టీవీలో ముందు పాడిన అమ్మాయిదా అని నెలరోజులు కొట్టుకున్నారు. నేనూ అర్ధరాత్రి దాకా కూర్చుని ఒక్కొక్కరికి జవాబులు రాశాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది, ఎందుకంటే ఆ గొడవలో అందరం ఎవరి పక్షమో తేల్చుకున్నాం, ఇకముందు ఏం చేయాలో ఎవరమూ అడగలేదు. తర్వాత ఇంకో పాట వచ్చింది, అందరం దాని వెంట పడ్డాం.

ఇక నా మీద పడిన కేసు. అవును, దొంగను నేనే.

2024 బతుకమ్మకు నాయనమ్మ మా ఇంటి అరుగు మీద కూర్చుని అదే పాట పాడితే ఫోన్లో తీసి నా యూట్యూబ్ చానల్లో పెట్టాను. దరువు లేదు, డ్రోన్ లేదు, వెనక మా బర్రె అరుపు ఉంది. తెల్లారేసరికి మెయిల్. మీ వీడియోలో వేరేవారి కాపీరైట్ పాట ఉంది, యాడ్లు వస్తే పైసలు వారికి వెళ్తాయి అని. నా వీడియోకు అప్పటికి నాలుగు వందల వ్యూలు. ఆ పైసలతో ఒక చాయ్ కూడా రాదు, వాళ్ళనే తాగమనండి. కానీ మా నాయనమ్మ తన నోటితో తన చెల్లె పాట పాడితే దాని ముందు సబ్బు యాడ్ వచ్చి, అది ఇంకొకరి ఖాతాలో పడటం ఏమిటి?

అభ్యంతరం పెట్టాను. జవాబు ఇవ్వడానికి అవతలివాళ్ళకు ముప్పై రోజుల గడువు. తీర్పు చెప్పేదెవరో తెలుసా? పాట మాదే అన్నవాళ్ళే! ఇరవై తొమ్మిదో రోజున మాదే అని మళ్ళీ చెప్పారు. ఇంకా పైకి పోవచ్చు. పోయి ఓడితే వీడియో తీసేసి స్ట్రైక్ వేస్తారు, మూడు పడితే చానలే పోతుంది. నేను ప్రైవేటు స్కూల్లో తెలుగు టీచర్‌ని. కరోనా నాటి నుంచి పిల్లల కోసం పెట్టిన పద్యాల పాఠాలన్నీ ఆ చానల్లోనే ఉన్నాయి. టెన్షన్‌తో రెండు రాత్రులు నిద్రపోలేదు. చివరికి పోలేదు, భయపడ్డాను.

నాయనమ్మకు ఈ సంగతి చెబితే ఆమె అన్న మాట: "నేను మా అవ్వ దగ్గర నేర్చుకున్న. ఆమెను ఏమన్న కాయితం అడిగిన్నానే?"

వాళ్ళ పాట 2024లో వచ్చింది. అంతకుముందే ఈ చరణం మా నాయనమ్మ నోట్లో ఉందని చెప్పడానికి లోకంలో ఒక్కటే ఆధారం, 2023లో తీసిన ఆ రికార్డింగు. తేదీతో, వేలిముద్రతో, రిజిస్టర్లో నంబరుతో ఉంది. అందుకే తిరుగుతున్నాను సార్. పింఛన్ కోసం కాదు, సన్మానం కోసం కాదు. శాలువాలు మా ఇంట్లో రెండున్నాయి, చలికాలం కప్పుకుంటుంది.

మొదటిసారి పోతే ఆ సారు బదిలీ అయ్యారన్నారు. రెండోసారి, హార్డ్‌డిస్క్ ఆయన దగ్గరే ఉండిపోయిందన్నారు. ఆ సారు ఫోన్ నంబరు పట్టుకుని చేస్తే, చార్జి అప్పగించేటప్పుడే ఇచ్చేశానన్నారు. మళ్ళీ పోతే, ఇచ్చినట్టు కాగితం తెమ్మన్నారు. వాళ్ళ ఆఫీసు కాగితం నేను తేవాలట! పది రూపాయలు కట్టి సమాచార హక్కు కింద అడిగితే, ముప్పై రోజులకు "సమాచారం అందుబాటులో లేదు" అని ఒక వాక్యం వచ్చింది. ఒక్కో తిరుగుడుకు సగం రోజు జీతం కోత. హనుమకొండ నుంచి ఆటో, మెట్లు, బయట బెంచీ, "మేడం మీటింగ్‌లో ఉన్నారు". ఒకరోజు నాయనమ్మను కూడా తీసుకుపోయాను, మనిషిని చూస్తే జాలి పడతారని. లిఫ్టు పనిచేయలేదు. రెండో అంతస్తు దాకా గోడ పట్టుకుని ఎక్కింది. లోపలి అమ్మాయి మంచిది, నీళ్ళిచ్చింది. "అవ్వా, ఏదన్నా పాట పాడు" అంది. మా నాయనమ్మ పాడింది కూడా. ఆ అమ్మాయి ఫోన్లో తీసుకుంది. నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

ఆఫీసు నుంచే పాట బయటికి పోయిందని నేను అనడం లేదు. బతుకమ్మ ఆడేచోట ఎవరో ఫోన్ పెట్టి ఉండొచ్చు. సాక్ష్యం లేకుండా నింద వేయను. నాకు కావలసింది నా సాక్ష్యం నాకివ్వడమే.

మన చపాటా మిర్చికి 2025లో జీఐ ట్యాగ్, అంటే ఇది ఈ ప్రాంతం సరుకేనన్న ప్రభుత్వ గుర్తింపు, వచ్చింది. సంతోషం. వరంగల్ దరీలకు ఉంది, పెంబర్తి ఇత్తడికి ఉంది, చేర్యాల బొమ్మలకు ఉంది. ఎవరో బయటివాడు ఎర్రటి మిరపకాయ తెచ్చి ఇది చపాటా అంటే కుదరదు. పసుపు మీద 1995లో అమెరికాలో పేటెంటు ఇస్తే మన దేశం కొట్లాడి 1997లో రద్దు చేయించింది. ఇది పాతదే అని పాత పుస్తకాలు చూపించి గెలిచింది. పాటకు పాత పుస్తకం ఏముంటుంది? ముసలివాళ్ళ నోరే. పాడినవాళ్ళ పేరు చెప్పాలన్న హక్కును 2012లో కాపీరైట్ చట్టంలో చేర్చారు కదా. అది మా ఊరి అరుగు దాకా రావడానికి ఎన్నేళ్ళు పడుతుంది?

మా పక్క మండలం దుగ్గొండి మొగిలయ్య గారిని తలుచుకుంటాను. భార్య కొమురమ్మ గారితో కలిసి ఇల్లిల్లూ తిరిగి పాడినన్నాళ్ళు మనం తలుపు దగ్గర చాటెడు బియ్యం పోసి పంపాం. 2023లో బలగం సినిమా చివర అదే గొంతు వినిపిస్తే ఊరి నడుమ తెరలు కట్టుకుని ఏడ్చాం. 2024 డిసెంబర్‌లో ఆయన పోయారు. సినిమాలో ఉండబట్టి ఆయన పేరు మనకు తెలుసు. లేకపోతే ఆయన కూడా "సేకరణ"లో కలిసిపోయేవారు.

2025లో సరూర్‌నగర్ స్టేడియంలో బతుకమ్మకు గిన్నిస్ రికార్డులు వచ్చాయి. టీవీలో నాయనమ్మతో కలిసి చూశాను. పువ్వుల ఎత్తు కొలిచారు, ఆడినవాళ్ళను లెక్కబెట్టారు. "పాట ఎవలు చెప్తున్నరే, వినొస్తలేదు" అంది నాయనమ్మ. స్పీకర్లలో రికార్డు పాట వస్తోందని చెప్పాను. ఇంకేం మాట్లాడలేదు.

హనుమకొండ పక్కన దేవనూరులో పుట్టిన బిరుదురాజు రామరాజు గారు డెబ్బై ఏళ్ళ కిందటే జానపద గేయాల మీద పరిశోధన చేసి దారి వేశారు. వరంగల్‌లోనే తెలుగు విశ్వవిద్యాలయం వారి జానపద గిరిజన విజ్ఞాన పీఠం ఉంది. కాళోజీ కళాక్షేత్రం 2014లో శంకుస్థాపన జరిగి 2024లో తెరుచుకుంది. అంత పెద్ద భవనంలో ఒక్క గది, ఒక కంప్యూటరు, పాట నంబరు చెబితే పాడినవాళ్ళ పేరు, ఊరు, తేదీ చూపించే ఒక మనిషి. ఎక్కువ అడుగుతున్నానా? తీసిన ప్రతి రికార్డింగుకు ఒక కాపీ ఆ ఇంటివాళ్ళకు ఇవ్వాలి. సినిమావాళ్ళయినా, చానల్ వాళ్ళయినా పల్లెపాట తీసుకుంటే ఎవరి నోటి నుంచి తీసుకున్నారో రాయాలి. రాయకపోతే ఏం చేయాలో మీరే ఆలోచించండి, చట్టాలు నాకు రావు. కానీ ముందు ఆ హార్డ్‌డిస్క్ వెతికించండి. బీరువా తాళాలు దొరకకపోతే చెప్పండి, మా ఊళ్ళో తాళాలు తీసే ఆయన ఉన్నాడు. దయచేసి వెతికించండి.

పోయిన బతుకమ్మకు మా వాడకట్టులో ఒక చిన్నపిల్ల నాయనమ్మను సరిదిద్దింది. "అవ్వా, గట్ల కాదు, పాటలో నడుము అని ఉంటది" అంది. ఆ పిల్ల తప్పు లేదు, అది విన్నదే అది. నాయనమ్మ ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని పువ్వు పేరుతో మూడుసార్లు పాడించింది. ఊరికి పోయినప్పుడల్లా నన్ను అడుగుతోంది, ఆ సార్లు తీసుకుపోయిన పాట తెచ్చినవా అని.

పెన్‌డ్రైవ్ ఒకటి కొనిపెట్టుకున్నాను, ముప్పై రెండు జీబీది. నా ఫోన్ నంబరు నాలుగు అర్జీల మీదా ఉంది. దొరికిందని ఒక్క మాట చెప్పిస్తే నేనే వచ్చి ఎక్కించుకుంటాను. లిఫ్టు లేకపోయినా పర్వాలేదు.

ఇట్లు,
నర్సంపేట వైపు ఊరి ఆడబిడ్డ,
తెలుగు టీచర్, హనుమకొండ.