ఆదివారం 'అంకుర్' చూసే ముందు

అందరికీ నమస్కారం. ఈ ఆదివారం చూడబోయే సినిమా దర్శకుడు శ్యామ్ బెనెగల్ గురించి నాలుగు మాటలు.

ఆయన మన సికింద్రాబాద్ తిరుమలగిరిలో 1934లో పుట్టారు. నాన్నగారు ఫొటోగ్రాఫర్. ఆయన కెమెరాతోనే 12 ఏళ్లకు తొలి సినిమా తీశారు. నిజాం కాలేజీ చదువయ్యాక బొంబాయి వెళ్లి ఏళ్ల తరబడి యాడ్స్ చేశారు. మొదటి ఫీచర్ ఫిల్మ్ 'అంకుర్' 1974లో వచ్చింది. అప్పటికి వయసు 40కి దగ్గర! షబానా ఆజ్మీ తెరమీద కనిపించిన మొదటి సినిమా కూడా అదే. అందులో వినిపించే దక్కనీ మన ఊరి మాటే, చెవులు పెట్టి వినండి.

ఆయన తీసిన 'మంథన్' సినిమా సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. గుజరాత్ పాడి రైతులు 5 లక్షల మంది తలా 2 రూపాయలు వేసుకుని నిర్మాతలయ్యారు. విడుదలయ్యాక ఆ రైతులే తమ సినిమా చూడటానికి తరలి వచ్చారు.

టీవీలో ఆయన పెద్ద పని 'భారత్ ఏక్ ఖోజ్'. నెహ్రూ పుస్తకం ఆధారంగా 53 భాగాలు, 1988లో దూరదర్శన్‌లో మొదలైంది. 2014లో, 79 ఏళ్ల వయసులో, రాజ్యాంగ రచనపై 'సంవిధాన్' తీశారు. 2024 డిసెంబర్‌లో కన్నుమూశారు.

తెలుగులో ఆయన తీసిన 'అనుగ్రహం' (1978) మంచి కాపీ ఎక్కడ దొరుకుతుందో తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి. వచ్చే నెల అదే చూద్దాం.