మంత్రి గారూ, ఆ ఏడంకెల నంబరు ఎవరిది?

గౌరవనీయులైన కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మంత్రి గారికి,

పర్లాకిమిడి నుంచి నమస్కారాలు. ఇదివరకు పంపిన అర్జీలకు ఉలుకూ పలుకూ లేదు కాబట్టి, ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను.

ఫోన్లకీ పవర్ బ్యాంకులకీ వాడే లిథియం బ్యాటరీకి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరని మీకు నేను చెప్పక్కర్లేదు. ముద్రలో ప్రమాణం నంబరు ఐఎస్ 16046, కింద ఆర్ అక్షరం, పక్కన ఎనిమిదంకెలు. ఇక్కడ ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీ ప్యాకుల మీద కూడా అదే ముద్ర అచ్చేసి అమ్ముతున్నారు. మా వీధిలో పొగలొచ్చిన ప్యాక్ మీద ఏడంకెలే ఉన్నాయి. బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే అలాంటి నంబరే లేదంది.

ఛార్జింగ్‌లో ఉండగా అది ఉబ్బితే, కర్రతో వరండాలోంచి రోడ్డు మీదికి నెట్టారు. తర్వాత మెకానిక్ నీలం తొడుగు కోసి చూపించాడు. లోపలి బ్యాటరీ సెల్లు కొన్ని ఆకుపచ్చవి, కొన్ని గులాబీ రంగువి. రెండింటికి పాత వెల్డింగ్ పట్టీ ముక్కలు ఇంకా అంటుకునే ఉన్నాయి. అంటే ఇంకెందులోంచో పీకినవి. ఛార్జింగ్ మితిమీరకుండా కాపాడే బీఎంఎస్ బోర్డు అసలే లేదు. రెండు వైర్లు, వాటి మీద టేపు, అంతే. కొన్నవాళ్లు తెలివితక్కువవాళ్లని మాత్రం అనకండి. కంపెనీ ప్యాక్ ధర అడిగి, గుండె జారి, ఇటు వచ్చినవాళ్లు.

కొట్టు పాతపట్నంలో, ఇల్లు ఇక్కడ. ఇక్కడి ఆఫీసులో, కొట్టు ఆంధ్రాలో ఉంది కదా అక్కడే చెప్పుకోమన్నారు. అక్కడికెళ్తే, కాలింది ఒడిశాలో కదా అన్నారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఉన్న ఊళ్లోనే ఫిర్యాదు చేయొచ్చని చెబితే, సరే బిల్లు తెమ్మన్నారు. బిల్లెక్కడిది సార్? చీటీ మీద ‘48 వోల్టులు, ఆరు నెలలు’ అని పెన్నుతో రాసిచ్చాడు. ఇక అర్జీ తెలుగులో ఉందని తిప్పి పంపినవాళ్ల సంగతి వేరే చెప్పాలి.

2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం అంటుకుని, పైనున్న లాడ్జిలో 8 మంది పోయారు. అదే ఏడాది డిసెంబరు నుంచి, తర్వాత 2023 మార్చి నుంచి ఏఐఎస్ 156 అనే బ్యాటరీ భద్రతా పరీక్షలు బిగించారు. సంతోషం. అది కంపెనీలోంచి వచ్చే కొత్త బండికి. ఆ బ్యాటరీ చచ్చాక కొట్లో కట్టించుకునే ప్యాక్ మాటేమిటి? గంటకు 25 కిలోమీటర్ల లోపు వేగం, 250 వాట్ల లోపు మోటారు ఉన్న బండికి రిజిస్ట్రేషనే అక్కర్లేదు కదా, వాటి మాటేమిటి? బండి రవాణా శాఖది, ముద్ర బీఐఎస్‌ది, పారేసిన బ్యాటరీ పర్యావరణ శాఖది. ఇంట్లో గోడ పక్కన ఛార్జింగ్ పెట్టిన బ్యాటరీ మాత్రం ఎవరిదీ కాదు.

న్యూయార్క్‌లో 2023లోనే పరీక్ష నెగ్గని ఈ-బైక్ బ్యాటరీల అమ్మకం నిషేధించారు. వాడేసిన సెల్లు పీకి కొత్త ప్యాక్ కట్టడం మీద విడిగా ఇంకో చట్టమే చేశారు. మనకీ అలాంటిదొకటి కావాలి. విడిగా అమ్మే ప్రతి ప్యాక్‌కీ పరీక్ష ఉండాలి, బిల్లు లేకుండా అమ్మితే కొట్టు మూయించాలి, సరిహద్దు ఊళ్లకి ఏదో ఒక ఆఫీసుని బాధ్యుల్ని చెయ్యాలి. ఏ ఆఫీసన్నది మీరే తేల్చండి, మాకు తేల్చుకోవడం చేతకాలేదు. పెద్ద మనసు చేసుకుని ఒక్క ఇన్‌స్పెక్టర్నయినా పంపండి సార్. పిల్లలున్న ఇళ్లు.

సెల్లు ఫొటోలు, చీటీ జిరాక్సు మళ్లీ జత చేస్తున్నాను. ఈసారైనా కవరు విప్పండి.

ఇట్లు,
ఒక వినియోగదారుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా