గలివర్ పది టైటిళ్లు, మన బోర్డుల ఎత్తు

సంపాదకులు గారికి,

ఆడవాళ్ల డార్ట్స్ (గుండ్రటి బోర్డు మీదికి చిన్న బాణాలు విసిరే ఆట) అనగానే పత్రికలన్నీ ఫాలన్ షెరాక్ దగ్గరే ఆగిపోతున్నాయి. 2019 డిసెంబరులో టెడ్ ఎవెట్స్‌ను 3-2తో ఓడించి, పీడీసీ అనే డార్ట్స్ సంస్థ ప్రపంచ పోటీల్లో మగ ఆటగాడిపై గెలిచిన మొదటి మహిళ ఆమే, కాదనం. కానీ ఆడపిల్లలకు ఈ ఆట నేర్పేవాళ్లు చదవాల్సింది ట్రినా గలివర్ రికార్డు. ఆమె వడ్రంగం నేర్చిన మనిషి. బీడీఓ అనే మరో డార్ట్స్ సంస్థ 2001లో మహిళల ప్రపంచ పోటీ మొదలుపెట్టింది. ఆ ఏడాది మొదలు 2007 దాకా టైటిల్ ఆమెదే. మళ్లీ 2010, 2011, 2016.

‘అప్పట్లో ఫైనల్లో రెండు సెట్లు గెలిస్తే కప్పే కదా’ అని కొందరు తీసిపారేస్తారు. ఆట పొట్టిదైన కొద్దీ గండం బలమైనవాళ్లకే. మూడు లెగ్‌లు (501 నుంచి సున్నాకి దిగే ఒక్కో ఆట) జారితే సెట్టు పోతుంది, రెండో సెట్టూ పోతే కోలుకునే వ్యవధి ఉండదు. 2008 ఫైనల్లో డోబ్రోమిస్లోవా 2-0తో ఆమెను అలాగే ఓడించింది. మరుసటేడు ఫ్రాన్సిస్ హోన్సెలార్ వంతు. అప్పటికి ఐదు ఫైనళ్లలో గలివర్ చేతిలో ఓడిన మొండిమనిషి!

లెగ్ తేలేది డబుల్ దగ్గర. 501 నుంచి సరిగ్గా సున్నాకి దిగాలి, చివరి బాణం బోర్డు అంచున అంకెకు రెట్టింపు ఇచ్చే 8 మిల్లీమీటర్ల డబుల్ పట్టీలో పడాలి. అందుకే 32 మిగుల్చుకోమంటాం. డబుల్ 16కి గురిపెట్టిన బాణం లోపలికి తప్పితే 16 మిగులుతుంది, అంటే డబుల్ 8. అదీ తప్పితే డబుల్ 4. అదే 38 మిగిలి 19లో పడిందా, బేసి అంకె. సరిచేసుకోవడానికే ఒక బాణం దండగ.

ఇక మన పర్లాకిమిడి, గుణుపురం వైపు బడుల సంగతి. బోర్డును పిల్లల ఎత్తుకు కిందికి దించి కడుతున్నారు. బుల్, అంటే బోర్డు నడిమి చుక్క, నేల నుంచి 173 సెంటీమీటర్లు ఉండాలి. నిలబడి విసిరే గీత 237 సెంటీమీటర్ల దూరంలో గీయాలి, అదీ గోడ నుంచి కాదు, బోర్డు ముఖం నుంచి. సరిచూడాలంటే బుల్ నుంచి గీతకు ఏటవాలుగా తాడు పట్టండి, 293 రావాలి. తప్పు ఎత్తుకు అలవాటుపడిన చెయ్యి పోటీలో ట్రెబుల్ 20 (20కి మూడింతలిచ్చే పట్టీ)కి కిందుగానే కొడుతూ ఉంటుంది.

కిత్తనార బోర్డును వాన చెమ్మ తగిలే గోడకు తగిలించకండి, ఉబ్బిపోతుంది. నీళ్లు చల్లితే నార మెత్తబడి బాగుంటుందన్నది ఉత్త మాట. 20 దగ్గర అరిగితే అంకెల కమ్మీ విప్పి బోర్డు తిప్పుకోవచ్చు. రెండో నాలుగో గళ్లు, సరిసంఖ్యలోనే తిప్పాలి, లేకపోతే 20 నల్లగడి తప్పి తెల్లగడి మీదికొస్తుంది.

ఈ కొలతలతో ఒక బొమ్మ మీ క్రీడల పేజీలో వేయగలరా? బడులవాళ్లు కత్తిరించి గోడకు అంటించుకుంటారు.

— డార్ట్స్ నేర్పే కొందరం,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా