అప్పు కోసం సేల్ డీడ్ రాసిచ్చేవాళ్లకు

సంపాదకులకు,

నేను దస్తావేజులు రాసే పనిలో ఉన్నాను. అప్పు తీసుకుంటూ ఇంటికి సేల్ డీడ్ రాసిచ్చేవాళ్లు ఇప్పటికీ వస్తూనే ఉన్నారు. "పేరుకే అమ్మకమండీ, బాకీ తీర్చగానే మళ్లీ మాకే రాసిస్తారు" అంటారు. ఆ మాట ఎక్కడ రాసుందని అడిగితే వేరే స్టాంపు కాగితం తీసి చూపిస్తారు. అది చూస్తే నాకు టెన్షన్.

ఈమధ్య ఒకావిడ తెచ్చిన క్రయ దస్తావేజులో "పుత్రపౌత్ర పారంపర్యంగా సర్వహక్కులతో అనుభవించుకోగలరు" అని ఉంది. ఆ ఇంట్లో ఉంటున్నది ఆవిడే. పన్ను కడుతున్నదీ ఆవిడే. నెలనెలా ఇచ్చిన వడ్డీ చిన్న నోటుబుక్కులో రాసిపెట్టుకున్నారు, పక్కన అవతలివాళ్ల పొట్టి సంతకాలు. ఎవరు చూసినా అప్పనే అంటారు. కానీ తిరిగి రాసిస్తామన్న షరతు మాత్రం విడి కాగితంలో ఉంది.

1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 58వ సెక్షన్ ప్రకారం అమ్మకం రూపంలోనూ తనఖా పెట్టొచ్చు. అయితే 1929లో చేర్చిన నిబంధన ప్రకారం ఆ షరతు అమ్మకం పత్రంలోనే ఉండాలి. విడి కాగితాన్ని అదే రోజు, అదే సాక్షులతో రాయించినా దాన్ని ఈ రకం తనఖాగా లెక్కించరు. షరతు ఆ దస్తావేజులోనే ఉండి ఉంటే నోటుబుక్కుకీ, పన్ను రసీదులకీ ఎంతో బలం వచ్చేది. అలా ఒకే పత్రంలో ఉన్నప్పుడు, స్పష్టమైన వ్యతిరేక సూచన లేకపోతే తనఖాగానే చూడాలని చుంచున్ ఝా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

తేడా చిన్నది కాదు. తనఖా అయితే గడువు తేదీ దాటినంత మాత్రాన ఆస్తి పోదు, విడిపించుకునే దావాకు 30 ఏళ్ల కాలపరిమితి ఉంది. విడి కాగితంలో ఉన్నట్టు, అమ్మేసిన ఆస్తిని తిరిగి అమ్మే ఒప్పందమైతే రాసుకున్న తేదీలోపు డబ్బు సిద్ధం చేసుకోవాల్సిందే, కోర్టుకెళ్లడానికీ 3 ఏళ్లే. అసలు అమ్మే ఉద్దేశమే లేదని సాక్ష్యాలతో నిరూపించే దారి లేకపోలేదు గానీ, ఆ భారమంతా అప్పు తీసుకున్నవాళ్ల మీదే పడుతుంది.

విడిగా రాయమని పట్టుబట్టేది ఎప్పుడూ అప్పిచ్చేవాళ్లే. మా వృత్తిలోనూ కొందరు మారుమాట్లాడకుండా రాసిస్తున్నారు, అది నాకు బాధగా ఉంది. "డబ్బు ముట్టిందా?" అని అడిగే సబ్ రిజిస్ట్రార్, "తిరిగి రాసివ్వాలన్న ఒప్పందం ఏమైనా ఉందా?" అని కూడా అడిగి, ఆ జవాబును దస్తావేజు మీద నమోదు చేసేలా రిజిస్ట్రేషన్ శాఖ ఆదేశాలివ్వాలని కోరుతున్నాను.

- ఒక దస్తావేజు లేఖరి