రౌటర్‌లో 3389 మూసేయండి

సంపాదకులకు,

ఇంటి నుంచి ఆఫీసు కంప్యూటర్ వాడుకోవడానికి చాలామంది రౌటర్‌లో 3389 పోర్టు తెరిచేస్తున్నారు. దూరం నుంచి కంప్యూటర్ నడిపే విండోస్ రిమోట్ డెస్క్‌టాప్‌కు బయటి నెట్ నుంచి దారి అది. నంబరు మార్చినా లాభం లేదు. నెట్‌లో తెరిచిన పోర్టులు వెతికే స్కానర్ ప్రోగ్రాములు దాన్నీ పట్టేసి పాస్‌వర్డులు వరసపెట్టి కొట్టి చూస్తాయి. రిమోట్ డెస్క్‌టాప్ ఎప్పుడూ వీపీఎన్ (నెట్ మీద రహస్యంగా నడిచే సొంత దారి) వెనకే ఉండాలి. వైర్‌గార్డ్ అనే వీపీఎన్‌కు ఒక్క యూడీపీ రకం పోర్టు, మామూలుగా 51820, తెరిస్తే చాలు. సరైన కీ (డిజిటల్ తాళంచెవి) లేకుండా వచ్చే డేటా ప్యాకెట్‌కు అది జవాబే ఇవ్వదు. ఒక్కో పరికరానికి విడి కీ ఇవ్వండి, ల్యాప్‌టాప్ పోతే ఆ ఒక్కటే రద్దు చేయొచ్చు.

ఇల్లూ ఆఫీసూ రెండూ 192.168.1 ఐపీ అడ్రసుల వరుసలోనే ఉంటే వీపీఎన్ కలిసినా కంప్యూటర్ దొరకదు. ఆఫీసు వరుస మార్చాలి. ఆఫీసు కంప్యూటర్‌లో విండోస్ హోమ్ సరిపోదు, ప్రో కావాలి. అన్నట్టు, ఆ కంప్యూటర్‌లో స్లీప్ ఆపడం మరవకండి, నిద్రలోకి పోతే బయటి నుంచి అందదు.

— ఒక నెట్‌వర్క్ నిర్వాహకుడు